ఐదో ప్రతి

గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన పెద్దలకు, పిల్లలకు నమస్కారం.

ముందు వరుసలో ఉన్న అమ్మాయి చేతికి ఇప్పుడే ఒక కాగితం ఇచ్చాను. చదవమంటే వెలుతురు వైపు తిప్పి పట్టుకుంటోంది. అది ఐదో కార్బన్ ప్రతి. ఈ కావలిలో ఇరవై ఆరేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాణ్ణి. ఉల్లిపొర కాగితాల మధ్య కార్బన్లు పేర్చి మిషన్‌కు ఎక్కిస్తే, ఐదో కాగితం దాకా అక్షరం దిగడానికి వేళ్ల బలం చాలదు, భుజం కూడా పనిచేయాలి. ఒక అక్షరం తప్పు పడిందా, ఐదింటిలోనూ విడివిడిగా దిద్దాలి. అందుకే రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ గురించి మాట్లాడమన్నప్పుడు నా మనసు ఆయన రాతను టైపు చేసిన ఆడవాళ్ల మీదికే పోయింది.

ఉత్తరాల్లో స్టాలిన్‌ను విమర్శించినందుకు ఆయన 1945లో అరెస్టయ్యారు. ఎనిమిదేళ్ల శిక్ష. ఖైదీల చేత వెట్టిచాకిరీ చేయించే శిబిరంలో కాగితం దాచుకునే వీలు లేదు. రాసినది కంఠస్థం చేసి, కాగితం కాల్చేసేవారు. లెక్క తప్పకుండా రొట్టెతో చేసిన పూసల దండ తిప్పుకునేవారు. అవధానుల ధారణకు చప్పట్లు కొట్టిన ఊరు మనది, అది ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా?

కానీ ఆ శిబిరాల గురించి ఆయన రాసిన ‘గులాగ్ ఆర్కిపెలాగో’ కంఠస్థం చేసి మోసుకెళ్లగల పుస్తకం కాదు. అందులో 227 మంది సాక్ష్యాలున్నాయి. మాస్కోలోని లుబ్యాంకా జైలు గదిలో పరిచయమైన ఆర్నల్డ్ సూసీ అనే ఎస్తోనియా న్యాయవాది కుటుంబం, వాళ్ల స్నేహితులు టార్టూ దగ్గర ఒక పొలంలోని ఇల్లు చూపించారు. 1965లో మొదలుపెట్టి రెండు చలికాలాలు ఆయన అక్కడ తలదాచుకుని రాశారు. 1968లో మాస్కోకు దూరంగా ఒక చిన్న ఇంట్లో తుది ప్రతి టైపు చేశారు. భార్య నతాల్యా రెషెతోవ్‌స్కయా, యెలెనా చుకోవ్‌స్కయా, ఎలిజవెటా వొరొన్యాన్‌స్కయా ఆ పనికి కూర్చున్నారు. పదిహేను వందల పేజీలకు పైమాటే. తలుపు చప్పుడైతే మిషన్ ఆపి ఊపిరి బిగబట్టవలసిన రోజులవి. పని పూర్తయ్యాక పేజీలను చిన్న ఫిల్ము మీదికి, అంటే మైక్రోఫిల్ముగా, ఎక్కించారు. అలెగ్జాండర్ అంద్రేయెవ్ అనే ఆయన దాన్ని దేశం దాటించాడు.

వొరొన్యాన్‌స్కయా లెనిన్‌గ్రాడ్‌లో ఉండే మనిషి, వయసు అరవై దాటింది. తన దగ్గరున్న ప్రతిని కాల్చేయమని రచయిత చెప్పారు. కాల్చేశానని ఆవిడ అంది. కాల్చలేదు. మిగతా ప్రతులు దొరికిపోతే పుస్తకమే లేకుండా పోతుందని ఆవిడ భయం. 1973 ఆగస్టులో సోవియట్ రహస్య పోలీసు సంస్థ కేజీబీ ఆవిణ్ణి ఐదు రోజులు విచారించింది. దాచిన చోటు చెప్పింది. ఇంటికి వచ్చిన కొద్దిరోజులకే శవమై కనిపించింది.

ఆవిడ మాట తప్పిందని నేను అనలేను. పేజీ వెంట పేజీ ఆ మృతుల పేర్లన్నీ తన వేళ్ల మీదుగా దిగాయి. వాటిని పొయ్యిలో పెట్టమంటే ఏ చేయి కదులుతుంది? నా దగ్గర టైపు నేర్చుకున్న పిల్లలు చెడిపోయిన కాగితం నలిపేయడానికి కూడా ఒక క్షణం ఆగేవారు.

బతికున్నవాళ్లకు హాని కలుగుతుందని అన్నేళ్లూ పుస్తకాన్ని ఆపి ఉంచిన ఆయన, ప్రతి ఎలాగూ పట్టుబడింది కాబట్టి ఇక అచ్చు వేయమన్నారు. అదే సంవత్సరం డిసెంబరులో పారిస్‌లో వెలువడింది. ఫిబ్రవరిలో ఆయన్ను దేశం నుంచి వెళ్లగొట్టారు. సాయం చేసినవాళ్ల గురించి కూడా ఆయన వెంటనే ఒక పుస్తకం రాసుకున్నారు. రష్యన్‌లో అది 1991 దాకా బయటికి రాలేదు. పేరు అచ్చయితే ఆ మనిషికి ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు.

చేతిరాత ప్రతిని మాత్రం ఆర్నల్డ్ గారి కూతురు హేలీ సూసీ ఎస్తోనియాలోనే దాచింది. ఒకటీ రెండేళ్లు కాదు, సోవియట్ యూనియన్ కూలిపోయేదాకా దాచింది.

ఆ కాగితం మూడో వరుసకు వచ్చినట్లుంది. ఫ్యాను కింద జాగ్రత్తమ్మా, ఉల్లిపొర కాగితం, చిరిగిపోతుంది. చూసి వెనక్కి అందించండి.