భోంగా మోగిన గిరణ్‌గావ్

శ్రోతలకు నమస్కారం. ముంబయిలోని పరేల్, లాల్‌బాగ్, వర్లీ పరిసరాలన్నిటినీ కలిపి మరాఠీలో గిరణ్‌గావ్ అంటారు. అంటే మిల్లుల ఊరు. ఒకప్పుడు ఆ ఊరిని నిద్రలేపింది మిల్లు కూత. దాన్ని అక్కడివాళ్ళు భోంగా అనేవారు.

1854లో కావస్‌జీ దావర్ పూనికతో ఏర్పడిన తార్‌దేవ్ నూలు మిల్లుతో ఈ కథ మొదలైంది. పొడిగాలికి నూలుపోగు ఇట్టే తెగిపోతుంది. సముద్రపు గాలిలోని తేమ ఇక్కడ కలిసివచ్చింది. కొంకణం నుంచి వేలాదిమంది వచ్చారు. మగ్గం కూడు పెట్టని రోజుల్లో తెలంగాణ పద్మశాలీలూ ఎందరో రైలెక్కి వచ్చి మిల్లుల్లో చేరారు. చాళ్లు అనే వరస గదుల భవనాల్లోని ఒంటిగదుల్లో ఒక షిఫ్టువాళ్ళు లేచిన చాప మీద మరో షిఫ్టువాళ్ళు నడుం వాల్చేవారు.

అందరూ ఒకే కష్టం పంచుకున్నారని చెప్పుకోవడం బాగుంటుంది కానీ, అది పూర్తి నిజం కాదు. మగ్గంలో అటూ ఇటూ తిరుగుతూ అడ్డపోగు వేసేది నాడె. దానిలోని కండె, అంటే నూలు చుట్టిన చిన్న గొట్టం, అయిపోతే కొత్త కండె పెట్టి, నాడె కన్నంలోంచి పోగును నోటితో పీల్చి లాగాలి. దళితుల నోరు తగిలిన నాడెను తాము ముట్టుకోమని తోటి కార్మికులే భీష్మించారు. దాంతో మంచి కూలి దొరికే నేత విభాగం తలుపులు దళితులకు మూసుకుపోయాయి. 1928 నాటి పెద్ద సమ్మె సమయంలో అంబేడ్కర్ ఈ అన్యాయాన్ని సూటిగా నిలదీశారు. ఈ సంగతి దాటవేసి గిరణ్‌గావ్ ఐకమత్యాన్ని పొగడడానికి నాకు మనసొప్పదు.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెంట సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మె ఏడాది దాటినా తెగలేదు. ఎన్నో మిల్లులు మళ్ళీ తెరుచుకోనేలేదు.

ఆపై అందరి చూపూ నేల మీద పడింది. మిల్లు భూమి అమ్మితే ఒక వంతు నగరానికి ఖాళీ స్థలంగా, ఒక వంతు పేదల ఇళ్ళకు, ఒక వంతు యజమానికి అని 1991 నిబంధనలు చెప్పాయి. 2001లో వాటిని సవరించి, కట్టడాలున్న నేలను లెక్కలోంచి తీసేశారు. మిగిలిన కాస్త ఖాళీ జాగానే పంపకానికి వచ్చింది. ఊరికి దక్కవలసిన పెద్ద వాటా ఆ ఒక్క మార్పుతో చేజారిపోయింది. 2006లో సుప్రీంకోర్టు కూడా ఆ సవరణనే సమర్థించింది.

ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది. దాని మధ్య పాత పొగగొట్టాన్ని అలాగే ఉంచారు. ఇంటికోసం దరఖాస్తు పెట్టుకున్న మిల్లు కార్మికుల కుటుంబాలు ఎన్నో ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి.