వన్ టౌన్ గుడి ఎవరిది? విశాఖ పాత సంఘాల మీద స్టూడియో చర్చ

యాంకర్: నమస్తే అండి. ఇవాళ విశాఖ పాతూరు వన్ టౌన్‌లో ఉన్న పాత క్రైస్తవ సంఘాల గురించి మాట్లాడుకుందాం. జనమేమో ఎంవీపీ కాలనీ, గాజువాక, మధురవాడ వెళ్ళిపోయారు, గుడి, అంటే చర్చి, మాత్రం అక్కడే ఉంది. మనతో ఒక సంఘ కాపరి అయ్యగారు, చరిత్ర చెప్పిన మాస్టారు, ఆ సంఘంలోనే పుట్టి పెరిగిన రిటైర్డ్ టీచర్ గారు, మధురవాడలో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న ఒక యూత్ మెంబర్ ఉన్నారు. మాస్టారూ, మొదలెక్కడ?

మాస్టారు: 1805 అండి. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అని ఇద్దరొచ్చారు, తెలుగు నేర్చుకుని బైబిల్ తెలుగు చెయ్యడం మొదలెట్టారు. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆనందరాయర్ అనే ఆయన వాళ్ళ పక్కన కూర్చుని పని చేశాడు, మనవాళ్ళకి దొరల పేర్లు తెలుసు గానీ ఈయన పేరు తెలీదు, నాకది నిజంగా బాధ. 1809లో క్రాన్ పోయాడు, మరుసటేడు డెస్ గ్రాంజెస్ కూడా పోయాడు. 1812లో బెంగాల్ శ్రీరాంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు అచ్చయ్యేసరికి ఇద్దరూ లేరు. తర్వాత ప్రిచెట్ అనే ఇంకో మిషనరీ బైబిల్లో కొత్త నిబంధన భాగం పూర్తిచేశాడు, అది 1818లో వచ్చింది. 1840లో వచ్చిన జాన్ హే ఆ తెలుగుని సవరిస్తూ దశాబ్దాలు ఈ ఊళ్ళోనే ఉండిపోయాడు.

యాంకర్: అంటే తెలుగు బైబిల్ పని జరిగింది మన ఊళ్ళోనే!

మాస్టారు: అవునండి, అదీ పాతూళ్ళో. ఇంకోటి, కేథలిక్కులు 1840ల్లో వచ్చారు. రాస్ హిల్ మీద రాస్ అనే ఆయన 1864లో ఇల్లు కట్టుకున్నాడు, ఆ ఇల్లే తర్వాత చాపెల్ అయింది. పక్క కొండల మీద ఒకచోట దర్గా, ఒకచోట వెంకటేశ్వరస్వామి గుడి. మూడిటికీ ఎక్కే జనం ఆ కింది వీధులవాళ్ళే.

టీచర్ గారు: డిసెంబర్ 8 కొండగుడి పండక్కి మా వీధిలో మతం చూడకుండా అందరూ ఎక్కేవాళ్ళు బాబూ. మేము వేరే సంఘం, అయినా అమ్మ కొవ్వొత్తులు కొనిచ్చేది. మా క్వాయర్‌లో పాడేవాళ్ళలో సగంమంది నాన్నలు పోర్టులో చేసేవాళ్ళు, మిగతావాళ్ళు రైల్వే, షిప్‌యార్డ్, హాస్పిటల్ నర్సులు. జీతాలొచ్చిన ఆదివారం కానుక పళ్ళెం బరువుండేది, నెలాఖర్లో చిల్లర, దాన్నిబట్టే సంఘం ఎలా బతుకుతోందో తెలిసిపోయేది.

మాస్టారు: అదే నేను చెప్పాలనుకుంది. ఈ సంఘం జనాన్ని తెచ్చింది పనే. 1933లో పోర్టు తెరిచారు, 1941లో షిప్‌యార్డ్‌కి శంకుస్థాపన, 1957లో రిఫైనరీ, ఒక్కోటి వచ్చినప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కుటుంబాలు దిగాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులేసినప్పుడు ఊరు సగం ఖాళీ అయిపోయింది, మళ్ళీ వచ్చారు. 1971లో స్టీల్ ప్లాంట్‌కి శంకుస్థాపన చేశాక మాత్రం దారి మారింది, అక్కడ ఉద్యోగం దొరికినవాళ్ళు గాజువాక వైపు, క్వార్టర్లకి సర్దుకున్నారు, మళ్ళీ రాలేదు.

యూత్ మెంబర్: సార్, నేనడిగేది అదే. మా ఫ్రెండ్స్ అందరూ మధురవాడ, పీఎం పాలెం. ఆదివారం వన్ టౌన్ రావాలంటే బండి మీద ట్రాఫిక్‌లో ఎంతసేపో, వచ్చాక పార్కింగ్ ఉండదు, చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇంకా కష్టం. అక్కడ ఒక ఆరాధన పెడితే తప్పేంటి? గుడి అమ్మమనట్లేదు నేను.

టీచర్ గారు: తప్పని ఎవరన్నారమ్మా, మీరందరూ అక్కడ ఆరాధన చేసుకుంటే ఇక్కడికెవరొస్తారు? మా అమ్మానాన్నల సమాధులు ఇక్కడున్నాయి. సమాధుల పండక్కి పూలు పట్టుకుని ఒక్కరోజొచ్చి వెళ్ళిపోతే సరిపోతుందా?

అయ్యగారు: ఇద్దరి మాటా నాకు రోజూ వినబడేదే. కానీ టీచర్ గారూ, ఇక్కడికెవరొస్తారంటే ఇప్పుడు వస్తున్నవాళ్ళని చూడండి. వెనక వరసల్లో కూర్చునేది ఒడిశా నుంచి వచ్చి హార్బర్ దగ్గర పనిచేసుకునే కుర్రాళ్ళు, అద్దె గదుల్లో నలుగురైదుగురు కలిసుండేవాళ్ళు. పాత కుటుంబాల పెళ్ళిళ్ళు ఏసీ ఫంక్షన్ హాల్లో అవుతున్నాయి, ఈ కుర్రాళ్ళలో ఒకడికి జ్వరమొస్తే మన స్త్రీల సమాజం అమ్మలే గంజి పట్టుకెళ్ళారు. వీళ్ళ పేర్లు మన సభ్యుల పుస్తకంలో లేవు. మీ తాతగార్లు కూడా పల్లె నుంచి వచ్చి ఇలాగే వెనకే కూర్చునుంటారు కదా, వాళ్ళని ఎవరో ఒకరు ముందుకి పిలిచారు కాబట్టే మనమిక్కడున్నాం.

టీచర్ గారు: (కాసేపాగి) అది నిజమేలెండి. ఆ గంజి తీసుకెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను, పేరు రాయించాలని మాత్రం తట్టలేదు.

యాంకర్: పుస్తకాలంటే గుర్తొచ్చింది, పాత రిజిస్టర్లు ఏ స్థితిలో ఉన్నాయి?

మాస్టారు: బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు, అన్నీ చేత్తో రాసినవి. సముద్రపు తేమకి కాగితం మెత్తబడిపోతుంది, గాలిలో బొగ్గు ధూళి అట్టల మీద పేరుకుంటుంది. అందులో తండ్రి వృత్తి, ఊరు రాసుంటాయి, ఈ పేట చరిత్ర దానికంటే ఎక్కువ ఇంకెక్కడా దొరకదు. ఏ జబ్బుకి ఎంతమంది పోయారో, ఏ పల్లె నుంచి ఎవరొచ్చారో అందులోనే ఉంటుంది. దయచేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యకండి, ఫోటోలు తీయించండి.

యూత్ మెంబర్: అది మేం చేస్తాం సార్, స్కానింగ్ మా టీమ్‌కి పెద్ద పని కాదు. శనివారాలు వస్తాం. పాత అక్షరాలు చదవడానికి మాత్రం టీచర్ గారు కూర్చోవాలి.

టీచర్ గారు: కూర్చుంటానమ్మా, కళ్ళజోడు మార్పించుకుని మరీ వస్తా.

అయ్యగారు: మధురవాడలో నెలకోసారి ఇంటి ఆరాధన పెడదామని కమిటీలో నేనే అడుగుతాను. సభ్యుల పుస్తకంలో ఈ ఒడిశా కుర్రాళ్ళ పేర్లు కూడా వచ్చే సంస్కారపు ఆదివారం, అంటే ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం నుంచే రాస్తాం, అడ్రస్ అద్దెగదిదైనా సరే.