శిరోధార: ధార తెగకూడదు, నూనె చల్లారకూడదు

నమస్కారమండి. ఈరోజు శిరోధార చూద్దాం. గోరువెచ్చని నూనెను నుదుటి మీద అరగంట పాటు ఆపకుండా ధారగా పోయడమే శిరోధార. దీనికి ఇద్దరు కావాలి. ఒకరు ధార పట్టుకుంటే, ఇంకొకరు నూనె వెచ్చబెట్టి అందిస్తుండాలి. ఒక్కరే చేయబోతే ధార మధ్యలో తెగుతుంది. తెగిన ప్రతిసారీ పడుకున్నవాళ్లు ఉలిక్కిపడతారు, ఇక మనసు కుదుటపడేదెక్కడ?

ముందు పాత్ర. ఇది రెండు లీటర్లు పట్టే ధారాపాత్ర. అడుగున చిటికెనవేలు దూరేంత చిల్లు, లోపల దాని మీద బోర్లించిన కొబ్బరిచిప్ప, చిప్పకీ ఓ చిల్లు. అందులోంచి నూలు వత్తి కిందికి దిగుతుంది. కెమెరా కాస్త దగ్గరికి... ఇదిగో వత్తి కొస. పీచులు లేచి ఉన్నాయి కదా? ఇలాగే వదిలేస్తే నూనె రెండు పాయలుగా చీలుతుంది, ఒక పాయ కంట్లోకి జారుతుంది. కొసను కత్తెరతో సమంగా కత్తిరించి, నూనెలో తడిపి, వేళ్లతో మెలిపెట్టాలి. ఆఁ, ఇప్పుడు ఒకటే పాయ.

నువ్వుల నూనె లీటరున్నర తీసుకోండి. క్షీరబలా తైలంలాంటి మందు నూనెలు వైద్యులు చెబితేనే. చల్లారిన ఖరీదైన తైలం కన్నా వెచ్చగా పడే గానుగ నూనె నయమండి. కొబ్బరినూనె వద్దు. 24 డిగ్రీల కింద పేరుకుంటుంది, డిసెంబరు రాత్రుల్లో మన విశాఖలో కూడా వత్తిలోనే గడ్డకడుతుంది.

నూనె గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చబెట్టండి, నేరుగా పొయ్యి మీద పెట్టకండి. 38 నుంచి 40 డిగ్రీలు చాలు. థర్మామీటరు వాడండి, ఎందుకంటే పదినిమిషాలు వేడి గిన్నె పట్టుకున్న చేతికి వేడి సరిగ్గా తెలియదు.

మెడ కింద చిన్న గుడ్డచుట్ట, కనుబొమ్మల పైన గుడ్డపట్టీ, కళ్ల మీద తడి దూది. వత్తి కొస నుదుటికి నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి. ఎక్కువైతే నూనె కొట్టినట్టు పడుతుంది. ఈ కణత నుంచి ఆ కణతకు ఉయ్యాలలా, ఒకే వేగంతో ఊపండి. కిందికి జారిన నూనెను పళ్లెంలో పట్టి, వెచ్చబెట్టి మళ్లీ పోయాలి. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడొద్దు.

విశాఖ ఉక్కకు అందరూ చేసే తప్పు ఒకటుంది: ఫ్యాన్ ఐదులో పెట్టడం. ధార పక్కకు వంగుతుంది, నూనె చల్లారుతుంది, లేచేసరికి తల బరువు. ఫ్యాన్ ఆపండి. ఏసీ అయితే 27లో పెట్టి, గాలి తల మీదికి రాకుండా తిప్పండి.

జ్వరం, జలుబు, సైనస్, తలకు దెబ్బ ఉంటే చేయొద్దు. గర్భిణులైతే వైద్యుణ్ని అడగనిదే వద్దు. నిద్రమాత్రలు వాడుతున్నవాళ్లు దీన్ని నమ్ముకుని మాత్రలు మానేయకండి.

అయ్యాక తుడిచి, అరగంట అలాగే పడుకోనివ్వండి. లేచేటప్పుడు చెయ్యి పట్టుకోండి, నూనె కాళ్లకు టైల్స్ మహా జారతాయి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో, కుంకుడుకాయతో తలస్నానం. తడితలతో బండెక్కి బీచ్ రోడ్డు గాలికి మాత్రం పోకండి.

పాత్రను సున్నిపిండితో తోమి ఎండలో పెట్టండి. వత్తి మాత్రం ప్రతిసారీ కొత్తదే.