వీధి, ఈది, మేడ, మేడి: ధ్వనుల చదువు గురించి

సభకు నమస్కారం. భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేయదలచిన విద్యార్థులకు ధ్వనుల అధ్యయనం గురించి చెప్పమని నిర్వాహకులు అడిగారు. శ్రీకాకుళంలో నిలబడి ఆ మాట ఎత్తినప్పుడు గిడుగు వెంకట రామమూర్తి గారిని తలచుకోకుండా ముందుకు పోలేను. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ అక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. కొండల్లో మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నా పని విడిచిపెట్టలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వెలువడ్డాయి. సవరలో కొన్ని మాటలు గొంతు బిగబట్టి గాలిని అక్కడికక్కడే ఆపినట్టు ముగుస్తాయి. మన మాటలు చాలావరకు అచ్చుతోనో సున్నతోనో ముగుస్తాయి కాబట్టి ఆ బిగింపు తెలుగు చెవికి సులభంగా అందదు, అందినా దానికి మన లిపిలో అక్షరం లేదు. సొంత భాష చేసిన అలవాటును కాసేపు పక్కన పెట్టి వినడం ఈ చదువులో మొదటి కష్టం, నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కష్టం కూడా.

ధ్వని నోట్లో ఎలా పుడుతుంది, గాలిలో ఎలా సాగుతుంది, చెవికి ఎలా అందుతుంది అని చూసేది ధ్వనిశాస్త్రం. ఆ ధ్వనుల్లో ఏ తేడాను భాష లెక్కలోకి తీసుకుంటుంది, దేన్ని తీసుకోదు అని చూసేది వర్ణనిర్మాణ అధ్యయనం. ఇప్పుడు మీరందరూ 'మేడ' అనండి, వెంటనే 'మేడి' అనండి. మొదటి మాటకు దవడ కిందికి దిగింది, రెండోదానికి అంత దిగలేదు. తరువాతి అక్షరంలో 'అ' ఉందా 'ఇ' ఉందా అన్నదాన్ని బట్టి ఆ తేడాను ముందే చెప్పగలం కాబట్టి రెంటికీ ఒకే ఏత్వం సరిపోతుంది. అయితే 'వచ్చాడు' అన్నప్పుడు కూడా దవడ దిగుతుంది, అక్కడ తరువాతి అక్షరం 'డు'. 'చేదు'లో లేని విప్పారిన అచ్చు అక్కడికి ఎలా వచ్చింది? 'వచ్చినాడు' కుదించుకుపోయినప్పుడు పుట్టింది. దానికి ప్రత్యేకమైన అక్షరం లేకనే కొందరు 'వచ్చాడు' అనీ, మన ఉత్తరాంధ్ర రచయితలు చాలామంది 'వచ్చేడు' అనీ రాస్తూ వచ్చారు.

చిన్నప్పుడు బడిలో 'ఈది' అన్నందుకు నా చేత 'వీధి' అని పలక నిండా రాయించారు. అది నాలుక మందం అనుకుని చాలాకాలం సిగ్గుపడ్డాను. పీజీ తరగతిలో ఊరి మాటలను వరసగా పేర్చుకుని చూసిన రోజున ఆ సిగ్గు పోయింది. వీధి–ఈది, వేలు–ఏలు, వెళ్ళు–ఎల్లు: మాట మొదటి వకారం ఇకార ఎకారాల ముందు పోతోంది. 'వాన' మాత్రం 'ఆన' కాదు. విజయనగరాన్ని ఇజీనారం అనేవాళ్ళు కూడా ఈ సూత్రాన్నే పాటిస్తున్నారు. మరి 'వాడు' ఎందుకు 'ఆడు' అయింది? పూటకు వందసార్లు వాడే సర్వనామం కావడం ఒక కారణం కావచ్చునని నేననుకుంటాను. మీలో ఎవరైనా సిద్ధాంత వ్యాసానికి ఎత్తుకోదగిన ప్రశ్న అది.

ధ్వనుల మార్పును వరస సూత్రాలతో చెప్పే 1968 నాటి పద్ధతి, ఒకదానితో ఒకటి పోటీపడే నియమాలతో చెప్పే 1993 నాటి ఆప్టిమాలిటీ సిద్ధాంతం తరగతిలో ఎలాగూ చదువుతారు. వాటికంటే ముందు ధ్వనులను కొలిచే ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో పెట్టుకోండి. మీ గొంతుతో 'మేడ', 'మేడి' రికార్డు చేసి, రెండు అచ్చుల మొదటి ఫార్మెంటునూ, అంటే నోటి ఆకారాన్ని బట్టి బలంగా మోగే పౌనఃపున్యాల్లో మొదటిదాన్ని, కొలవండి; దవడ దిగినచోట అంకె పెరుగుతుంది. తరువాత మీ ఇంట్లో నాయనమ్మనో తాతయ్యనో అనుమతి అడిగి, పది నిమిషాలు వ్యవసాయం గురించి మాట్లాడించండి. వారి మాటను దిద్దకండి. విన్నది విన్నట్టు రాసుకుని, వకారంతో మొదలు కావలసిన ప్రతి మాట కిందా గీత గీసి, వకారం నిలిచినవి ఒకవైపు, పోయినవి ఒకవైపు పెట్టి, వచ్చే తరగతికి పట్టుకురండి.