అటక మీది పత్రికలు: తూకానికి వేసే ముందు

అందరికీ నమస్కారం. ఇందాక మెట్ల దగ్గర ఒకావిడ నన్ను ఆపి, "మా నాన్నగారి అటక మీద రెండు గోతాల పత్రికలున్నాయండీ. లక్షలొస్తాయని మా అబ్బాయి, కిలోల లెక్కన వేసెయ్యమని మా కోడలు. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. గోతం విప్పేదాకా ఇద్దరి మాటా వినొద్దని చెప్పాను. విప్పాక ఏం చూడాలో ఇప్పుడు చెబుతాను.

పాతదైనంత మాత్రాన ధర పలకదు. అందరూ పదిలంగా దాచుకున్నది ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంటుంది. పెద్ద నాయకులు పోయినప్పుడు వచ్చిన ప్రత్యేక సంచికలు, పసుపు అంచు నేషనల్ జియోగ్రాఫిక్‌లు అలాంటివే. జనం చించేసినవే దొరకవు. సినిమా పత్రిక విజయచిత్రలో హీరోయిన్ బొమ్మ గోడకెక్కేది. సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితంతో మా తరం పిల్లలం క్లాసు పుస్తకాలకు అట్టలు వేసుకున్నాం. ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా ఉన్న సంచిక కనబడితే నేను ఇప్పటికీ ఆగిపోతాను.

తర్వాత, అది ఏ కాలానిదో తేల్చాలి. మన విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన చందమామ చేతికొచ్చింది. నెలా సంవత్సరమూ ఉన్న పేజీ పోయింది. లోపల ఒక ప్రకటనలో వస్తువు ధర నయాపైసల్లో ఉంది. మన దేశంలో నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964 జూన్ 1 నుంచి పేరులో 'నయా' తీసేశారు. అంటే ఆ సంచిక దాదాపు ఆ ఏడేళ్లలోది. ధర అణాల్లో ఉంటే అంతకు ముందుదని అనుకోవచ్చు. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే మాత్రం 1972 ఆగస్టు 15కి ముందుది కానే కాదు. ఇంత తెలిశాక కూడా, అట్ట లేదు కాబట్టి దానికి కలెక్టర్, అంటే పాత పత్రికలు సేకరించేవాడు, ఇచ్చేది తక్కువే. చందమామకు సగం ప్రాణం వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాల్లోనే ఉంది. యువ పత్రిక దీపావళి సంచిక చేతికొస్తే రంగుల బొమ్మలన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. వాటిని చించి ఫ్రేము కట్టించుకున్న ఇళ్లు నేను చాలా చూశాను.

ఇక సీరియల్ బైండింగులు. మన ఆడవాళ్లు వారం వారం సీరియల్ పేజీలు కత్తిరించి, దారంతో కుట్టి, చివరికి బైండు చేయించేవారు. ఈ ఊరి నుంచే వచ్చిన ఆంధ్రజ్యోతి వారపత్రిక మా ఇంట్లో అలాగే ముక్కలైంది. అట్టలూ ప్రకటనలూ పోయి, బైండింగతను అంచులు కోసేశాక, కలెక్టర్ దృష్టిలో ఆ సంచికలు లేనట్టే. కానీ వాటిని వెంటనే పక్కన పడేయకండి. ఆ సీరియల్ తర్వాత పుస్తకంగా వచ్చిందో లేదో కనుక్కోండి. రాకపోతే ఆ బైండు కోసం ఒక పరిశోధకుడో, ఆ రచయిత మనవరాలో ఎక్కడో వెతుకుతూ ఉంటారు. అమ్మ మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్న తేదీలు కూడా వాళ్లకు పనికొస్తాయి. నా మటుకు నాకు, మంచి అట్టలున్న పది సంచికల కంటే అలాంటి బైండే గొప్పది.

కండిషన్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. భారతి సాహిత్య పత్రిక 1924లో మొదలైంది. ఆ తొలి ఏళ్ల సంచిక ఒకటి చిరిగి ఉంటే సెల్లోటేప్ అంటించాను. కొన్నేళ్లకు ఆ జిగురు గోధుమరంగు తిరిగి అక్షరాల్లోకి ఇంకింది. ఇప్పుడు ఆ రెండు పేరాలు చదవలేం. చిరుగును చిరుగులాగే వదిలేయండి, లామినేషన్ జోలికి అసలు వెళ్లకండి. భారతి పాత సంచికల్ని ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. చదువుకోవాలనుకునేవాళ్లకు అది చాలు. డబ్బిచ్చి కాగితం కొనేవాడు పిన్నుల తుప్పు, పురుగు బెజ్జాలు, తడి మరకలు అన్నీ చూస్తాడు.

ధర దగ్గర ఒక్క మాట. ఆన్‌లైన్‌లో ఎవరో ఎంత అడుగుతున్నారన్నది లెక్కలోకి రాదు, ఎంతకు అమ్ముడుపోయిందో అడగండి. ఇద్దరు ముగ్గురికి చూపించకుండా బేరం ఖాయం చేయకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా స్నేహితుడి ఇంట్లోకి నీళ్లొచ్చాయి. కింద గదిలో ఉన్న ముప్పై ఏళ్ల సేకరణ ముద్దయిపోయింది. ఏమేం ఉన్నాయో ఒక జాబితా కూడా రాసి పెట్టుకోలేదు. ఆయన ఇప్పటికీ రాత్రుళ్లు గుర్తొచ్చిన సంచికల పేర్లు ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నాడు. మీరు అమ్మినా, ఉంచుకున్నా, ఈ ఆదివారం ఆ జాబితా రాయండి: పేరు, నెల, సంవత్సరం, లేని పేజీలు.

మెట్ల దగ్గర ఆపిన అమ్మగారు సంచిలో నాలుగు సంచికలు తెచ్చారట. ఈ బల్ల మీద పెట్టండమ్మా. అందరూ దగ్గరికి రండి, ముందు పిన్నులు చూద్దాం.