నీళ్లలో ఉన్నవాడికి మన మాట చేరాలంటే

శ్రోతలకు నమస్కారం. ఎండాకాలం సెలవులు వస్తే చాలు, పల్లెల్లో మోటబావుల దగ్గర, పట్నాల్లో స్విమ్మింగ్ పూల్స్ దగ్గర పిల్లల సందడి మొదలవుతుంది. నడుముకు ఎండు సొరకాయ బుర్రో, బెండో, లారీ ట్యూబో కట్టి ఈత నేర్పే పెద్దలు ఒకవైపు, మెడలో విజిల్ వేసుకున్న కోచ్‌లు ఇంకోవైపు. ఇద్దరికీ వచ్చే చిక్కు ఒకటే. గట్టు మీంచి గొంతు చించుకున్నా ఈదేవాడికి వినపడదు.

దానికి కారణం ఉంది. గాల్లోంచి వచ్చే శబ్దం నీటిని తాకగానే దాదాపు అంతా పైకే తిరిగిపోతుంది, లోపలికి దిగేది అతి స్వల్పం. దానికి తోడు చెవుల్లో నీళ్లు, తలకు టోపీ, పైకప్పున్న పూల్ అయితే ప్రతిధ్వని. అందుకే చెప్పాల్సిందంతా కదలకముందే చెప్పేయాలి. అదీ అర నిమిషంలో. నీళ్లలో ఊరికే నిలబడితే పిల్లలు వణికిపోతారు, వణికేవాడి బుర్రకు ఏదీ ఎక్కదు. మాట్లాడేటప్పుడు ఎండ మన మొహం మీద పడేలా మనమే నిలబడాలి. ఎండ వాళ్ల కళ్లలో పడితే పిల్లలు కళ్లు చికిలిస్తూ మన చేతులు ఎలా కదులుతున్నాయో చూడలేరు. వాళ్లు ఈత మొదలుపెట్టాక మాత్రం నీటి మెరుపు మన కళ్లలో కొట్టని పక్కకు జరగాలి. ఎక్కడ నిలబడ్డా క్లాసుకు వీపు చూపించకూడదు.

‘అర్థమైందా?’ అని అడగకండి. అందరూ అర్థమైందనే అంటారు. ‘గోడను తన్నాక మొదట ఏం చేస్తావురా?’ అని అడిగితే ఎవరికి ఎంత ఎక్కిందో బయటపడుతుంది. సైగలు కూడా ముందే ఒప్పందం చేసుకోవాలి. పిడికిలి ఎత్తితే ఆగాలి, చేత్తో నెత్తి తడితే తల దించాలి. ఏ సైగైనా ఫరవాలేదు, రోజుకొక రకంగా మారకపోతే చాలు.

ఇక కొత్తవాళ్ల సంగతి. నడుము లోతు నీళ్లు, మన చేతికి అందేంత దూరం. తేలడానికంటే ముందు లేచి నిలబడటం నేర్పాలి. బోర్లా తేలుతున్నవాడు మోకాళ్లు పొట్టలోకి లాక్కుని, రెండు అరచేతులతో నీటిని కిందికి నొక్కి, తల ఎత్తి, పాదాలు నేలకు ఆనించాలి. వరుస ఇదే. తల ముందే ఎత్తితే కాళ్లు కిందికి రాకముందే నోట్లోకి నీళ్లు పోతాయి. గోడ పట్టుకుని నాలుగైదుసార్లు ఇది చేశాక చెయ్యి వదలమంటే ధైర్యంగా వదులుతాడు, ఎలా నిలబడాలో తెలుసు కాబట్టి.

చాలామంది కోచ్‌లకు ఒక అలవాటుంది. ‘నా దగ్గరికి రా’ అని పిలిచి, పిల్లవాడు దగ్గరపడేకొద్దీ వెనక్కి జరుగుతారు. ఇంకో రెండడుగులు ఈదించామని సంతోషం. ఆ పిల్లవాడు మాత్రం మర్నాడు గోడ వదలడు. రెండు మీటర్లు అన్నప్పుడు రెండు మీటర్లే. చెప్పకుండా బావిలోకి తోసేయడం కూడా ఇలాంటిదే. అలా ఈత వచ్చినవాళ్లు ఉన్నారు, నిజమే. జీవితాంతం నీళ్ల జోలికి పోనివాళ్లూ ఉన్నారు.

తప్పు దిద్దడంలోనే కోచ్ పనితనం తెలిసేది. ఫ్రీస్టైల్‌లో కాళ్లు మునుగుతుంటే ‘గట్టిగా కొట్టు, గట్టిగా కొట్టు’ అని అరుస్తాం. వాడు సైకిల్ తొక్కినట్టు మోకాళ్లు మడిచి తన్ని, పది మీటర్లకే అలసిపోతాడు. అసలు తప్పు తలలో ఉంటుంది. ఊపిరితిత్తుల్లో గాలి ఉంది కాబట్టి ఛాతీ తేలుతుంది, కాళ్లు బరువు. మొహం ఎత్తి ముందుకు చూస్తే కాళ్లు ఇంకా దిగిపోతాయి. ‘చూపు నేల మీద’ అన్న మూడు మాటలు చాలు, కాళ్లు వాటంతట అవే లేస్తాయి. ఆ తర్వాతే తుంటి నుంచి తన్నడం, పాదాలు వదులుగా ఉంచడం.

ఊపిరి అందడం లేదనేవాళ్లది ఇంకో తంతు. నీళ్లలో శ్వాస బిగబట్టి, మొహం పక్కకు తిప్పిన ఆ అరక్షణంలోనే వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. దేనికీ సమయం చాలదు. మొహం నీళ్లలో ఉన్నంతసేపూ ముక్కుతో బుడగలు వదలాలి, తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే పని. తిప్పేటప్పుడు ‘ఒక చెవి నీళ్లలోనే’ అంటే తల మరీ పైకి లేవదు. అన్నట్టు, ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో చూద్దామని పిల్లలకు పోటీ పెట్టకండి. ముందు గబగబా ఊపిరి పీల్చి మునిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, ఊపిరి తీసుకోవాలనే తపన ఆలస్యమవుతుంది. ఈలోపు ఆక్సిజన్ పడిపోయి, ముందస్తు సూచన లేకుండానే స్పృహ తప్పుతుంది.

ఈది వచ్చి గోడ పట్టుకున్నవాడికి వెంటనే ఏమీ చెప్పొద్దు, రెండు ఊపిర్లు తీసుకోనివ్వండి. తర్వాత కుదిరినదేదో ఒకటి, మార్చాల్సింది ఒకటి. నాలుగు తప్పులు కనిపించినా ఒక్కదానితోనే మళ్లీ పంపాలి. కాలో చెయ్యో పట్టుకుని చూపించాలంటే ‘చెయ్యి పట్టుకుంటానమ్మా, సరేనా?’ అని అడిగి పట్టుకోవాలి. చిన్నవాళ్లయినా, నడివయసులో నేర్చుకునే ఆడవాళ్లయినా ఇంతే.

గట్టు మీది అమ్మానాన్నలకు కూడా ఒక మాట. కోచ్ తల దించమంటుంటే మీరు అటునుంచి ‘తలెత్తరా కన్నా, ఇటు చూడు’ అంటే వాడు ఎవరి మాట వినాలి? ఊరుకోలేకపోతే వాడు ఒక దఫాకు ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నాడో లెక్కపెట్టి, క్లాసు అయ్యాక కోచ్‌కు చెప్పండి. ఆయనకు పనికొస్తుంది.