వారసుడెవరో చెప్పని తండ్రి: యువాన్ షావో ఇంటి గొడవ

అక్క: పోయినసారి గ్వాందూ యుద్ధం దగ్గర ఆపాం. హాన్ వంశం చివరి రోజుల చైనా అది. క్రీ.శ. 200లో ప్రత్యర్థి సేనాని త్సావ్ త్సావ్ చేతిలో ఉత్తరాది సేనాని యువాన్ షావో చిత్తుగా ఓడిపోయాడు. కానీ నన్నడిగితే ఆ ఇంటిని ముంచింది గ్వాందూ కాదు.

తమ్ముడు: అదేంటక్కా, అందరూ అదే కదా అంటారు?

అక్క: ఓడాక కూడా పసుపు నదికి ఉత్తరాన చాలా భాగం ఆయన చేతిలోనే ఉందిరా. వారసుడెవరో తేల్చకుండా 202లో కన్నుమూశాడు చూడు, కొంప అక్కడ మునిగింది. ముగ్గురు కొడుకులు: తాన్, షీ, షాంగ్. తండ్రికి చిన్నవాడు షాంగే ముద్దు. మంచి అందగాడు, పైగా రెండో భార్య లియూ వాడి వైపే. కానీ ఆ మాట బయటికి అనడానికి నోరు రాలేదు.

తమ్ముడు: పెద్దాడు ఊరుకుంటాడా?

అక్క: వాణ్ణి తన అన్న వంశానికి దత్తత ఇచ్చి చింగ్ ప్రాంతానికి పంపేశాడు. "తలా ఒక చోటు ఇచ్చి ఎవరి సత్తా ఎంతో చూస్తా" అన్నాడట. జూ షౌ అనే సలహాదారు మొత్తుకున్నాడు. వీధిలో కుందేలు పరిగెడితే ఊరంతా వెంటపడుతుంది, ఒకడి చేతికి చిక్కితే మిగతావాళ్ళు ఆగిపోతారు, ముందు వారసుడెవరో తేల్చండి అని. వినలేదు.

తమ్ముడు: ఇక తండ్రి పోగానే మొదలు!

అక్క: దర్బారులో అప్పటికే రెండు జట్లు. షెన్ పెయ్, ఫాంగ్ జీ కలిసి షాంగ్‌ని గద్దెనెక్కించారు. తాన్ లీయాంగ్‌లో దిగాడు. త్సావ్ త్సావ్ మీదికొస్తున్నాడు, ఇంకొంత సైన్యం పంపమన్నాడు. కుదరదన్నారు. తాన్‌కి ఒళ్ళు మండి, తన దగ్గర నిఘాకి పెట్టిన ఫాంగ్ జీని చంపేశాడు.

తమ్ముడు: అవతల శత్రువు వాకిట్లో ఉంటే!

అక్క: ఆ శత్రువు దగ్గర గ్వో జ్యా అనే సలహాదారు ఉన్నాడు. "మనం నొక్కితే ఒక్కటవుతారు, వదిలేస్తే వాళ్ళే కొట్టుకుంటారు" అన్నాడు. త్సావ్ త్సావ్ సైన్యాన్ని దక్షిణానికి తిప్పాడు. అన్నదమ్ములు నిజంగానే కలబడ్డారు. ఓడిపోయిన తాన్ చివరికి త్సావ్ త్సావ్‌నే సాయమడిగి, కూతుర్ని ఆయన కొడుక్కి ఇచ్చి వియ్యమందాడు.

తమ్ముడు: ఆ వియ్యం నిలిచిందా?

అక్క: ఎక్కడ! 204లో రాజధాని యె పట్టణం పడిపోయింది, 205లో తాన్‌ని చంపేశారు. లియావ్‌దోంగ్‌కి పారిపోయిన మిగతా ఇద్దరి తలలూ 207లో త్సావ్ త్సావ్‌కి చేరాయి. ఇందులో నాకు నవ్వొచ్చేది లియూ బియావోని చూస్తే. జింగ్ ప్రాంతపు పాలకుడు. కొట్టుకోకండిరా అని ఈ అన్నదమ్ములకి ఉత్తరాలు రాసిన పెద్దమనిషి. 208కి ఆయన ఇంట్లోనూ అదే తంతు. తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని పెద్దకొడుకు ఛీ పరిగెత్తుకొస్తే, తమ్ముడి జట్టువాళ్ళు గుమ్మం దగ్గరే ఆపేశారు. ఏడుస్తూ వెనక్కెళ్ళాడు. చిన్నవాడు త్సోంగ్ గద్దెనెక్కి, త్సావ్ త్సావ్ రాగానే లొంగిపోయాడు.

తమ్ముడు: అందరి ఇళ్ళూ చూసిన త్సావ్ త్సావ్ తన ఇంట్లో జాగ్రత్తపడ్డాడా?

అక్క: పడలేదురా! ఆయనకీ అదే టెన్షన్. బతికున్న కొడుకుల్లో పెద్దవాడు పీ, కవి అయిన జీ, వీళ్ళిద్దరిలో ఎవరు? ఒకరోజు అందర్నీ బయటికి పంపి తన సలహాదారు జ్యా షూని అడిగాడు. ఆయన ఉలకడు పలకడు. "అడుగుతుంటే మాట్లాడవేం?" అంటే, "ఏదో ఆలోచిస్తున్నా" అన్నాడు. "ఏంటది?" "యువాన్ షావో, లియూ బియావో, వాళ్ళ కొడుకుల గురించి." త్సావ్ త్సావ్ పకపకా నవ్వాడు. 217లో పీనే వారసుడు.

తమ్ముడు: అబ్బా, ఏం జవాబక్కా!

అక్క: ఆగు. త్సావ్ త్సావ్ అసలు పెద్దకొడుకు ఆంగ్ 197లో వాన్ దగ్గర యుద్ధంలో చనిపోయాడు, ఆ రోజు అవతలి పక్క సలహాదారు ఎవరనుకున్నావ్? ఈ జ్యా షూనే.

తమ్ముడు: అలాంటివాణ్ణి పక్కన పెట్టుకున్నాడా! మరి జీ సంగతి?

అక్క: 220లో పీ పగ్గాలు పట్టగానే జీ జట్టులోని దింగ్ సోదరుల్ని చంపించాడు. జీ మీదా నేరం మోపారు. తల్లి బియెన్ ఉంది కాబట్టి హోదా తగ్గించి వదిలేశాడు.

తమ్ముడు: కవిత్వం కాపాడలేదన్నమాట.

అక్క: కవిత్వమా! అమ్మ కాపాడింది.